దొమ్మ సూది జీవాలకేనా, మనుషులకెందుకు లేదు?

పోయినేడు వానలకు ముందు కళ్యాణదుర్గం పక్కన మా మేనమామ వాళ్ల ఊర్లో జీవాలకు, అంటే గొర్రెలకు మేకలకు, దొమ్మ (ఆంత్రాక్స్) రోగం రాకుండా సూదులు వేస్తుంటే నేనూ రొప్పం (గొర్రెల దొడ్డి) కాడే ఉన్నా. మామ ఒక్కో గొర్రెను లాక్కొచ్చి మోకాళ్ల మధ్య అదిమి పట్టుకుంటున్నాడు, పశువుల ఆస్పత్రి నుంచి వచ్చినాయన చర్మం పైకెత్తి సూది గుచ్చుతున్నాడు, అట్ల అరవై డెబ్బై అయినాక మామ నడుం పట్టుకుని నిలబడి అడిగినాడు: "ఏం సార్, చచ్చిన జీవాన్ని ఎత్తేది మేము, తోలు తీసేది మేము, ఈ రోగం మాకూ తగులుతాదని మీరే చెప్తిరి. మరి మాకెందుకు ఎయ్యరు ఈ సూది?" ఆయన "ఇది మనుషులకు పనికిరాదు పెద్దాయనా" అనేసి ఇంకో సీసా తీసుకున్నాడు. ఆయన చెప్పింది కరెక్టే, కాని మామ అడిగింది ఇంకా కరెక్ట్. దానికి ఒక్క ముక్కలో జవాబు రాదు. నేను మైక్రోబయాలజీ చదివి అనంతపురంలో పిల్లలకు అదే పాఠం చెప్పుకుంటున్నా కాబట్టి ఆ రోజు రాత్రి మామకు చెప్పిందాన్నే ఇక్కడ ఇంకొంచెం వివరంగా రాస్తున్నా.

ముందు ఇది ఎవరి సమస్యో చూడండి. 2019 పశుగణన ప్రకారం మన రాష్ట్రంలో గొర్రెలు దాదాపు 1.76 కోట్లు, దేశంలో తెలంగాణ తర్వాత మనమే. అందులో మన సీమ వాటా తక్కువేం కాదు. శెనక్కాయ పోయిన ఏడు ఇంట్లో పొయ్యి వెలిగేది జీవాల వల్లే, ఇది ఇక్కడ పుట్టినోళ్లకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. కాపరి మందతో పాటే పడుకుంటాడు, అర్ధరాత్రి గొర్రె ఈనితే చేత్తోనే పిల్లను లాగుతాడు, ఎండాకాలం మేత లేక మందను తోలుకుని కేసీ కాలువ కింది పొలాలకు పోయి నెలల తరబడి అక్కడే ఉంటాడు. జీవానికీ మనిషికీ మధ్య అడ్డం ఏమీ లేని బతుకు, అందుకే జీవానికొచ్చిన బ్యాక్టీరియా మనిషికి దాటడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు. దొమ్మ, అంటే ఆంత్రాక్స్, దాటుతుంది. ఈసుడు రోగం, అంటే బ్రూసెల్లోసిస్, అదీ దాటుతుంది. క్యూ ఫీవర్ అనేదొకటి ఉంది, దాని పేరే చాలామంది విని ఉండరు.

దొమ్మతో మొదలుపెడదాం, ఎందుకంటే టీకాల కథ నిజంగా మొదలైంది ఇక్కడే. పొద్దున బాగా మేసిన గొర్రె మధ్యాహ్నానికి దబ్బున పడి చస్తుంది, ముక్కు నుంచి, వెనక నుంచి నల్లటి రక్తం కారుతుంది, అది గడ్డకట్టదు. ఈ బ్యాక్టీరియా ప్రత్యేకత ఏందంటే గాలి తగిలితే స్పోర్లుగా మారుతుంది. స్పోర్ అంటే విత్తనం లాంటిదనుకోండి, ఎండకు ఎండదు, వానకు కుళ్లదు, మట్టిలో పదుల ఏళ్లు అట్లే పడి ఉంటుంది, ఎప్పుడో ఒక వానకు పైకొచ్చి గడ్డి మొదట్లో చేరి ఇంకో గొర్రె నోట్లోకి పోతుంది. చచ్చిన జీవాన్ని కోయొద్దని పశువుల డాక్టర్లు అంత గట్టిగా చెప్పేది ఇందుకే, కోయకపోతే లోపలి బ్యాక్టీరియా ఆ కుళ్లులోనే చచ్చిపోతుంది, కోస్తే గాలి తగిలి స్పోర్లయ్యి ఆ నేల ఏళ్ల తరబడి పాడవుతుంది. మనిషికి ఎక్కువగా వచ్చేది చర్మం మీద. చేతి మీదో మెడ మీదో చిన్న పొక్కు లేచి, అది పగిలి నడిమధ్య బొగ్గులాగ నల్లగా మాడిపోతుంది, చిత్రం ఏందంటే నొప్పి ఉండదు. నొప్పి లేదని ఆస్పత్రికి పోరు. టైముకు పెన్సిలిన్ లాంటి మందు పడితే చావు చాలా అరుదు, పట్టించుకోకపోతే నూటికి పది ఇరవై మంది దాకా పోతారు. మాంసం ద్వారా కడుపులోకి పోయినా, స్పోర్లు ఊపిరితిత్తుల్లోకి పోయినా కథ చాలా సీరియస్.

1876లో రాబర్ట్ కోచ్ అనే జర్మన్ డాక్టర్ ఈ రోగానికి ఈ బ్యాక్టీరియానే కారణం అని చూపించినాడు. ఐదేళ్లకు, 1881లో, లూయీ పాశ్చర్ పారిస్‌కు కొంచెం దూరంలో ఒక పల్లె పొలంలో అందరినీ పిలిచి పందెం కట్టినట్టు చేసి చూపించినాడు. మందలో సగం జీవాలకు టీకా వేసినాడు, సగానికి వేయలేదు, తర్వాత అన్నింటికీ అసలు రోగం ఎక్కించినాడు. జూన్ 2న జనం వచ్చి చూస్తే టీకా పడిన గొర్రెలు మేస్తున్నాయి, పడనివి చచ్చి పడున్నాయి. అది చదివినప్పుడల్లా నాకు మా రొప్పమే గుర్తొస్తుంది. కాని పాశ్చర్ టీకాకు ఒక తంటా ఉండేది, ఒకసారి మరీ బలహీనంగా ఉండి పని చేయదు, ఇంకోసారి మరీ బలంగా ఉండి టీకానే గొర్రెను చంపుతుంది. దాన్ని సరిచేసింది 1930ల్లో దక్షిణాఫ్రికాలో మాక్స్ స్టెర్న్ అనే పశువుల శాస్త్రవేత్త.

స్టెర్న్ చేసింది అర్థమైతే మామ ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే. ఆంత్రాక్స్ బ్యాక్టీరియాకు రెండు ఆయుధాలు ఉంటాయి. ఒకటి పై తొడుగు, అది ఉంటే మన రక్తంలోని తెల్లకణాలు దాన్ని మింగలేవు. రెండోది విషం. ఈ రెండింటికీ కావాల్సిన జీన్లు దానిలోపల రెండు వేర్వేరు ప్లాస్మిడ్ల (విడిగా ఉండే చిన్న డీఎన్ఏ ఉంగరాల) మీద ఉంటాయి. స్టెర్న్ కార్బన్ డయాక్సైడ్ ఎక్కువున్న గాలిలో దాన్ని పెంచి, తొడుగు పోగొట్టుకున్న రకాన్ని ఏరి పట్టుకున్నాడు, దాని పేరే 34ఎఫ్2. తొడుగు లేదు కాబట్టి గొర్రె ఒంట్లో ఎక్కువసేపు బతకలేదు, కాని విషం తయారు చేయడం మానలేదు కాబట్టి గొర్రె ఒళ్లు ఆ విషాన్ని గుర్తుపట్టి దాని మీద యాంటీబాడీలు, అంటే దాన్ని పట్టి అడ్డుకునే ప్రోటీన్లు, తయారు చేసుకుంటుంది. దాదాపు 90 ఏళ్లయింది, ఇప్పటికీ ప్రపంచమంతా జీవాలకు వేసేది ఎక్కువగా ఈ రకమే. అయితే ఇది బతికున్న టీకా, విషం కొంచెమైనా తయారు చేస్తుంది, గొర్రెలకు సరే గాని మేకల్లోనే కొన్నింటికి వాపు, జ్వరం గట్టిగా వస్తాయి, ఇక మనిషికి వేయడానికి ఎవరికి ధైర్యం వస్తుంది చెప్పండి. సోవియట్ వాళ్లు ఇట్లాంటి బతికున్న స్పోర్ల టీకానే మనుషులకు వేసినారు, చైనాలో కూడా వేసినారు, మిగతా దేశాలు ఆ దారిలో పోలేదు.

మరి మనుషులకు టీకానే లేదా అంటే, ఉంది. ఇది చాలామందికి తెలియని సంగతి. ఆ విషం పని చేసే తీరు ముగ్గురు దొంగల ముఠా మాదిరి ఉంటుంది, ఒకడు గొళ్లెం తీస్తాడు, తీసినాక మిగతా ఇద్దరు లోపలికి దూరి ఇల్లు నాశనం చేస్తారు. గొళ్లెం తీసే ప్రోటీన్ పేరు ప్రొటెక్టివ్ యాంటీజెన్. వాడొక్కడి చేతులు కట్టేస్తే చాలు, మిగిలిన ఇద్దరూ బయటే నిలబడిపోతారు. అందుకని బ్యాక్టీరియాను వడకట్టి పారేసి ఈ ప్రోటీన్ ఉన్న ద్రవాన్ని మాత్రమే టీకాగా చేసినారు, అమెరికాలో 1970లో దానికి లైసెన్స్ వచ్చింది. అది పని చేస్తుందని ఎట్ల తెలిసింది అనేది వింటే మన కాపరులకు బాగా దగ్గరగా అనిపిస్తుంది. 1950ల్లో అమెరికాలో దిగుమతైన మేక వెంట్రుకలతో గుడ్డ నేసే 4 మిల్లుల్లో కూలీల మీద పరీక్షించినారు, టీకా 92.5 శాతం పని చేసిందని లెక్క తేలింది. ఆ పరీక్ష నడుస్తుండగానే 1957లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని మాంచెస్టర్ ఊర్లో ఒక మిల్లులో నిజంగానే ఆంత్రాక్స్ లేచి 9 మందికి వచ్చింది, 4 మంది చనిపోయినారు. టీకా పూర్తిగా పడినోళ్లలో ఒక్కరికీ రాలేదు.

అంటే ఈ టీకా కాపాడుతుందని మొదట మేక బొచ్చు దులిపే కూలీల మీద చూసే నమ్మినారు. ఇప్పుడు ఎవరికి వేస్తున్నారో చూడండి, సైనికులకు, ఆ బ్యాక్టీరియాతో పని చేసే ల్యాబ్ వాళ్లకు. 2001లో అమెరికాలో ఉత్తరాల్లో స్పోర్లు పెట్టి పంపితే 22 మందికి జబ్బు చేసి 5 మంది చనిపోయినారు, ఆ భయంతో డబ్బు కుమ్మరించినారు, 2023లో ఇంకో కొత్త టీకాకు కూడా అనుమతి వచ్చింది, అది స్పోర్లు తగిలిన తర్వాత మందులతో పాటు రెండు వారాల తేడాతో 2 డోసులు వేసేది. పాతదానికి మొదట్లో 18 నెలల్లో 6 డోసులు, ఆపైన ఏటా ఒక బూస్టర్ ఉండేది. ఆదోని పక్కన మంద మేపుకునే మనిషి పని ఆపుకుని అన్నిసార్లు సూదికి పోతాడా? కంపెనీ అతని కోసం అది తయారు చేస్తుందా? మన దేశంలో కూడా ఢిల్లీ జేఎన్‌యూలో ప్రొటెక్టివ్ యాంటీజెన్‌ను జీన్ టెక్నాలజీతో తయారు చేసే పని చాలా ఏళ్లు జరిగింది, సైన్స్ చేతకాక కాదు. కాపరికి ఆ టీకా అందకపోవడానికి కారణం సైన్స్‌లో తక్కువ, లెక్కల్లో ఎక్కువ. గొర్రెకు ఏడాదికొక సూది అయితే చాలా చౌక, దాంతో మంద బతుకుతుంది, మంద బాగుంటే కాపరికి రోగం వచ్చే దారే మూసుకుపోతుంది. ఒక్క సూదికి రెండు ప్రాణాలు. ఈ లెక్క న్యాయమైందే అని నేనూ ఒప్పుకుంటా, కాని మందలో ప్రతి జీవానికీ ప్రతి ఏడూ సూది పడితేనే అది న్యాయం.

ఇంకోటి కూడా ఉంది. కొత్త టీకా మనుషుల్లో పని చేస్తుందని నిరూపించాలంటే రోగం వచ్చే చోట వేల మందికి వేసి కొన్నేళ్లు చూడాలి. దొమ్మ అట్ల ఒకచోట కూర్చోదు, ఈ ఏడు ఒక ఊర్లో ముగ్గురికి వస్తే మళ్లీ ఎప్పుడు ఎక్కడ లేస్తుందో ఎవరూ చెప్పలేరు, ట్రయల్ ఎక్కడ పెడతారు? కావాలని మనుషులకు రోగం ఎక్కించడం తప్పు. అందుకే అమెరికా 2002లో ఒక రూల్ తెచ్చింది, ఇట్లాంటి రోగాలకు జంతువుల్లో పని చేసిందని గట్టిగా చూపించి, మనుషుల్లో సేఫ్ అని చూపిస్తే అనుమతి ఇవ్వొచ్చని.

ఇక ఈసుడు రోగం. నన్నడిగితే మన సీమకు దొమ్మ కంటే ఇదే పెద్ద తలనొప్పి, ఎందుకంటే ఇది మనిషిని చంపేది అరుదు, కుళ్లబెడుతుంది. గొర్రె, మేక, ఆవు నెలలు నిండకుండానే ఈసుకుపోతాయి, కాపరి ఆ పిండాన్ని, మాయను ఉత్త చేతుల్తో ఎత్తి అవతల పారేస్తాడు, లేదంటే కాచని పాలు తాగుతాడు, కొన్నాళ్లకు జ్వరం. వస్తుంది పోతుంది, మళ్లీ వస్తుంది, రాత్రిళ్లు చెమటలు, కీళ్ల నొప్పులు, నడుం నొప్పి. టైఫాయిడ్ అంటారు, మలేరియా అంటారు, టీబీ ఏమో అంటారు. మా బంధువుల్లోనే ఒకాయన ఎనిమిది నెలలు ఇట్ల తిరిగి తిరిగి చివరికి బ్రూసెల్లా టెస్టు చేయించుకున్నాడు, అన్ని నెలల్లో ఒక్క డాక్టరు కూడా "ఇంట్లో జీవాలున్నాయా" అని అడగలేదు, అది నాకు ఇప్పటికీ బాధే. మందు కూడా రెండు రకాలు కలిపి 6 వారాలు వాడాలి, డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్, మధ్యలో ఆపితే మళ్లీ తిరగబెడుతుంది.

1887లో మాల్టా దీవిలో డేవిడ్ బ్రూస్ అనే బ్రిటిష్ సైనిక డాక్టర్ చనిపోయిన సైనికుల ప్లీహంలో ఈ బ్యాక్టీరియాను పట్టుకున్నాడు, అందుకే దానికి ఆ పేరు. ఎక్కడ నుంచి వస్తుందో మాత్రం 18 ఏళ్లు తెలియలేదు. 1905లో థెమిస్టోక్లిస్ జామిట్ అనే మాల్టా డాక్టర్ చూసింది ఏందంటే, చూడ్డానికి నిగనిగలాడుతూ ఆరోగ్యంగా ఉండే మేకల పాలల్లోనే అది ఉంది. సైనికులకు మేకపాలు ఆపేస్తే వాళ్లలో రోగం అమాంతం తగ్గిపోయింది. టీకా లేదు, మందు లేదు, పాలు ఆపడమే.

దీనికి టీకా ఎందుకంత కష్టం అంటే ఇది విషం చిమ్మే రకం కాదు, దాక్కునే రకం. మన ఒంట్లో బ్యాక్టీరియాను మింగి చంపాల్సిన మాక్రోఫేజ్ అనే కణం ఉంటుంది కదా, బ్రూసెల్లా పోయి దాని కడుపులోనే కాపురం పెడుతుంది. పోలీస్ స్టేషన్లోనే దొంగ దాక్కున్నట్టు. రక్తంలో యాంటీబాడీలు ఎన్ని తిరిగినా లోపల ఉన్నదాన్ని ముట్టుకోలేవు, ఆ కణాన్నే గుర్తుపట్టి దెబ్బకొట్టే టీ కణాలు కావాలి. చంపేసిన బ్యాక్టీరియాతో, లేదా ఒకటి రెండు ప్రోటీన్లతో టీకా చేస్తే యాంటీబాడీలు వస్తాయి గాని టీ కణాలు గట్టిగా లేవవు. బతికున్న బ్యాక్టీరియా లోపలికి పోయి కొన్నాళ్లు ఉంటేనే ఒళ్లు ఆ పాఠం నేర్చుకుంటుంది. దొమ్మకు పనికొచ్చిన ఒక్క ప్రోటీన్ ఉపాయం ఇక్కడ పని చేయకపోవడానికి కారణం ఇదే, నా స్టూడెంట్లు కూడా ఎక్కువగా తికమకపడేది ఇక్కడే.

అందుకే ఉన్న మంచి టీకాలన్నీ బతికున్నవే, అన్నీ జీవాలకే. ఆవులకు, గేదెలకు వేసే ఎస్19 రకం 1923లో జాన్ బక్ అనే అమెరికన్ ఒక జెర్సీ ఆవు పాల నుంచి తీసింది, ల్యాబులో ఏడాదికి పైగా మామూలు గది వేడిలోనే మర్చిపోయి వదిలేసిన సీసాలో అది దానంతటదే మెత్తబడింది, అంటే రోగం తెచ్చే బలం తగ్గింది. గొర్రెలకు, మేకలకు రెవ్1 అనేది 1950ల్లో వచ్చింది. వీటితో మూడు చిక్కులున్నాయి. చూడి జీవానికి వేస్తే టీకానే ఈసుకుపోయేలా చేయొచ్చు. వేసే డాక్టరు చేతికి పొరపాటున సూది గుచ్చుకుంటే ఆయనకే రోగం రావొచ్చు, పశువుల డాక్టర్లు నిజంగా భయపడే విషయం ఇది. టీకా ఫ్యాక్టరీ కూడా ప్రమాదమే, 2019లో చైనాలోని లాన్‌ఝౌలో జీవాల బ్రూసెల్లా టీకా చేసే ప్లాంటులో గడువు తీరిన క్రిమిసంహారిణి వాడటంతో బ్యాక్టీరియా గాలిలో కలిసి, చుట్టుపక్కల 10,000 మందికి పైగా టెస్టుల్లో పాజిటివ్ వచ్చింది. ఇట్లాంటిదాన్ని మనిషికి సూదిగా వేయడం ఎట్ల? సోవియట్ వాళ్లు, చైనా వాళ్లు కొన్నేళ్లు వేసినారు కూడా, రియాక్షన్లు ఎక్కువగా వచ్చినాయి. ప్రపంచంలో అందరూ ఒప్పుకుని వాడే మనుషుల బ్రూసెల్లా టీకా ఈ రోజుకీ లేదు.

మూడో చిక్కు టెస్టులది, ఇది కొంచెం వింతగా ఉంటుంది. రోగమున్న ఆవును కనిపెట్టడానికి రక్తంలో యాంటీబాడీలు చూస్తారు, టీకా పడిన ఆవులో కూడా అవే యాంటీబాడీలు ఉంటాయి, ఇప్పుడు ఏది రోగం ఏది టీకా? అందుకే ఎస్19ను 4 నుంచి 8 నెలల ఆడ దూడలకే, జన్మలో ఒక్కసారే వేస్తారు, పెద్దయ్యేసరికి ఆ గుర్తు చాలావరకు చెరిగిపోతుంది. మన ఐవీఆర్ఐ (భారత పశువైద్య పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు ఎస్19లోనే ఒక జీన్ తీసేసి, టీకా పడిన ఆవునూ రోగమొచ్చిన ఆవునూ టెస్టులో విడగొట్టగలిగే రకాన్ని తయారు చేసినారు, నాకు చాలా గర్వంగా అనిపించే పని అది.

కేంద్రం 2019లో గాలికుంటుతో పాటు బ్రూసెల్లాకు కూడా దేశమంతా ఉచిత టీకా పథకం పెట్టింది, మంచి పని. ఎస్19 టీకా హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ కూడా తయారు చేస్తుంది. కాని ఆ పథకంలో బ్రూసెల్లా సూది ఉండేది ఆవు దూడలకు, గేదె దూడలకే. మనిషిని అన్నింటికంటే గట్టిగా పట్టే బ్రూసెల్లా మెలిటెన్సిస్ రకం ఉండేదేమో గొర్రెల్లో, మేకల్లో. మనది జీవాల సీమ. ఇక్కడికొచ్చేసరికి దూడకు సూది ఉంది, గొర్రెకు లేదు, కాపరికి ఎటూ లేదు. గొర్రెలు మేకలకు రెవ్1 కంటే మంచి టీకా కనిపెట్టినోళ్లకు మొత్తం 3 కోట్ల డాలర్ల బహుమతులని 2016లో అంతర్జాతీయంగా పోటీ పెట్టినారంటేనే ఈ లోటు ఎంత పాతదో, ఎంత కష్టమైందో తెలుస్తుంది.

ఎలుకల ఉచ్చ నుంచి నీళ్లలో కలిసి వచ్చే లెప్టోస్పైరోసిస్‌కు ఇంకో రకం చిక్కు, అందులో 250కి పైగా రకాలున్నాయి, ఒక రకం టీకా ఇంకో రకాన్ని ఆపదు. క్యూబా, ఫ్రాన్స్ లాంటి దేశాల్లో అక్కడక్కడ తిరిగే రకాలకు తగ్గట్టు మనుషుల టీకాలు ఉన్నాయి, అంతవరకే.

క్యూ ఫీవర్ గురించి మాత్రం చెప్పకుండా ఉండలేను. ఇది కూడా గొర్రె మేకల మాయ నుంచి, ఈనినప్పుడు పడే నీళ్ల నుంచి దుమ్ములో కలిసి గాలిలో వచ్చేదే. నెదర్లాండ్స్‌లో 2007 నుంచి 2010 వరకు మేకల ఫారాల నుంచి 4,000 మందికి పైగా వచ్చింది, వేల కొద్దీ చూడి మేకలను చంపాల్సి వచ్చింది. ఆస్ట్రేలియాలో 1989 నుంచి దీనికి మనుషుల టీకా ఉంది, చంపేసిన బ్యాక్టీరియాతో చేసింది, వేసే ముందు చర్మం మీద టెస్ట్, రక్త పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే అంతకుముందే ఈ బ్యాక్టీరియా తగిలినోళ్లకు వేస్తే సూది వేసిన చోట పుండు పడేంత రియాక్షన్ వస్తుంది. అంత తంటా ఉన్నా 2001లో అక్కడి ప్రభుత్వం డబ్బు పెట్టి కబేళా కూలీలకు, ఉన్ని కత్తిరించేవాళ్లకు, గొర్రెల రైతులకు వేయించింది. జీవాలతో బతికేవాళ్ల ప్రాణం ఖరీదైందని ఒక ప్రభుత్వం అనుకుంటే ఏమవుతుందో అక్కడ కనిపిస్తుంది.

మామకు ఇవన్నీ చెప్తే ఆయన అడిగింది ఒక్కటే, "సరే, ఇప్పుడు నేనేం చెయ్యల్ల?" అప్పుడు తెలిసింది, దొమ్మ సూది వేయించిన మర్నాడే రెండు గొర్రెలు డీలాగా ఉన్నాయని ఆక్సీటెట్రాసైక్లిన్ వేయడం ఆయనకు అలవాటంట. ఆ సూదిలో ఉండేది బతికున్న స్పోర్లు, యాంటీబయాటిక్ వేస్తే టీకానే చచ్చిపోతుంది, ఆ గొర్రెకు సూది పడనట్టే. ముందూ వెనకా ఒక వారం రోజులు ఆ మందు ముట్టొద్దని చెప్పినా, నిజంగా జ్వరమొచ్చిన గొర్రె ఉంటే దానికి ఆ రోజు టీకా వద్దు, తగ్గినాక వేయించమని చెప్పినా. సూది పడినాక రెండు వారాల దాకా బలం రాదు, కాబట్టి దొమ్మ లేచినాక పరిగెత్తడం కంటే వానలకు ముందే వేయించాలి. గొర్రె దబ్బున చచ్చి రక్తం గడ్డకట్టకుండా కారుతుంటే కోయొద్దు, తోలు తీయొద్దు, ఫోన్ చేయండి. ఈసుకుపోయిన పిల్లను ప్లాస్టిక్ కవరు తొడుక్కునైనా ఎత్తి లోతుగా పూడ్చండి, కుక్కలకు వేయొద్దు. పాలు పొంగేదాకా కాచి తాగండి.

తోలు సంగతి దగ్గర మామ కొంచెం బిగుసుకున్నాడు, చచ్చిన గొర్రె తోలుకు కూడా నాలుగు రూపాయలు వస్తాయి కదా. ఆ నష్టం ఎవరో ఒకరు కట్టిస్తే తప్ప కోయొద్దనే మాట ఊర్లో నిలబడదు, అది ఆయన తప్పు అని నేననను.

మొన్న ఫోన్ చేసినాడు. ఈ ఏడు సూదులు వేయించినాడంట, వారం రోజులు టెట్రాసైక్లిన్ సీసా అటకెక్కించినాడంట. మాట అయిపోయే ముందు, "అల్లుడూ, మేకలకు ఆ ఈసుడు సూది గవర్నమెంటు వాళ్లు ఇయ్యబట్టినారా, కనుక్కో" అన్నాడు. ఇంకా లేదు మామా అని చెప్పినా.